నిలకడ లెక్క

ఇరవై మంది కలిసి దూరప్రయాణానికి సైకిళ్లు తీస్తే, నాయకత్వం మామూలుగా అందరికన్నా గట్టిగా తొక్కేవాడి చేతికి పోతుంది. అతను ముందు వెళితే మిగతావాళ్లు వెనకే వస్తారని నమ్మకం. మొదటి గంట ఆ నమ్మకం నిలబడుతుంది. మూడో గంటకు బృందం మూడు ముక్కలవుతుంది. ముందున్నవాళ్లు ఏ టీకొట్టు దగ్గరో కూర్చుని విసుక్కుంటుంటారు, ఆఖరివాళ్లు కనుచూపు మేరలో ఉండరు. వేగం ఎక్కువైందని అందరూ అంటారు. అది సగం నిజం. బృందాన్ని సగటు వేగం కన్నా ఎక్కువగా విడగొట్టేవి వేగంలోని హెచ్చుతగ్గులు. పైగా ఆ హెచ్చుతగ్గుల ఖర్చు అందరికీ సమానంగా పడదు, అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడి మీదే ఎక్కువగా పడుతుంది. కనుక నాయకుడు కాపాడవలసింది నిలకడను. ఇది మంచితనానికి సంబంధించిన సలహాలా వినిపించవచ్చు గానీ, దీని వెనక గాలి గురించి, కండరాల గురించి చాలాకాలంగా తెలిసిన సూత్రాలున్నాయి. వాటిని విడిగా చెప్పడం కన్నా ఒక దారి మీద పెట్టి చూడటం మేలు. శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లే దారి అందుకు బాగా సరిపోతుంది.

గాలి, ఎత్తు

రైల్వే స్టేషన్లలో పసుపు పలకల మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. సైకిల్ యాత్రకు పథకం వేసేవారికి అది ఉపయోగపడే అంకె. హిందూపురం సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంటే, ధర్మవరం 350 మీటర్ల దగ్గర ఉంది. మధ్య దూరం రోడ్డు మీద దాదాపు 80 కిలోమీటర్లు. హిందూపురం నుంచి సోమందేపల్లి చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, పెనుకొండ కొండను, ఎర్రమంచి దగ్గరి కియా కార్ల కర్మాగారాన్ని దాటి, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో రహదారి వదిలి ధర్మవరం వైపు తిరగాలి. మొత్తం మీద ఇది ఉత్తరంగా, కాస్త ఈశాన్యంగా సాగే దారి. పటం చూసిన ఎవరైనా ధర్మవరం వెళ్లడం తేలిక, తిరిగి రావడం కష్టం అనేస్తారు. మాట నిజమే గానీ, చెప్పే కారణం చాలాసార్లు తప్పు.

ఎందుకో అంకెల్లో చూద్దాం. మనిషి, సైకిల్, సంచులు కలిపి 90 కిలోలు అనుకుందాం. నిటారుగా కూర్చుని, సంచులు వేలాడేసుకుని తొక్కే యాత్రికుడికి గాలి లేని సమతల రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగానికి సుమారు 75 వాట్ల సామర్థ్యం చాలు. 25 కిలోమీటర్లకు 130 వాట్లు, 30 కిలోమీటర్లకు 200 వాట్లు కావాలి. వేగం సగం పెరిగితే శ్రమ రెండున్నర రెట్లకు మించి పెరిగింది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని దాటడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పెనుకొండ, ధర్మవరం మధ్య రామగిరి కొండల మీద గాలిమరలు నిలబడటానికి కారణం కూడా ఈ ఘనసూత్రమే. గాలి వేగం రెట్టింపైతే అందులోని సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది కాబట్టే గాలి బాగా వీచే కొండలను వెతికి మరీ మరలు నాటారు. అక్కడ కరెంటు పుట్టించే లెక్కే కింద రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడి కాళ్ల నుంచి శక్తిని లాగేసుకుంటుంది.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. ధర్మవరం నుంచి హిందూపురానికి 270 మీటర్లు ఎక్కాలి. నాలుగు గంటల ప్రయాణం మీద పరిస్తే ఆ ఎత్తు ఖర్చు సగటున 16, 17 వాట్లకు మించదు. అదే నైరుతి రుతుపవనాల కాలంలో గంటకు 15 కిలోమీటర్ల గాలి సరిగ్గా ఎదురుగా వీస్తే, 20 కిలోమీటర్ల వేగం నిలుపుకోవడానికి 75 వాట్లు కాస్తా 175 అవుతాయి. కొండ అడిగేదాని కన్నా గాలి అడిగేది ఆరు రెట్లు. జూన్, జులైల్లో హిందూపురం తిరుగు ప్రయాణం కష్టమయ్యేది ముఖ్యంగా నైరుతి నుంచి, పడమర నుంచి వచ్చే ఆ గాలి వల్లే. పటంలో ఎత్తులు కనిపిస్తాయి, గాలి కనిపించదు. అందుకే నాయకుడు మొదట చూడవలసింది నెల, గడియారం. రాత్రి చల్లబడిన నేలను అంటిపెట్టుకున్న గాలిపొర తెల్లవారుజామున దాదాపు కదలకుండా ఉంటుంది. ఎండెక్కి నేల వేడెక్కాక పైపొరల్లోని వేగమైన గాలి కిందికి కలుస్తుంది, మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. అయిదింటికి బయలుదేరమనడం ఎండను తప్పించడానికే అనుకుంటాం. ఎదురుగాలిని తప్పించడానికి కూడా అదే దారి.

హెచ్చుతగ్గుల ఖర్చు

ఘనసూత్రం నుంచి ఇంకో సంగతి తేలుతుంది. ఒకడు గంటసేపు నిలకడగా 20 కిలోమీటర్ల వేగంతో తొక్కాడు. ఇంకొకడు అరగంట 15తో, అరగంట 25తో తొక్కాడు. ఇద్దరూ వెళ్లిన దూరం ఒకటే. కానీ గాలి మీద రెండోవాడు పెట్టిన శక్తి సుమారు 19 శాతం ఎక్కువ. మెల్లగా వెళ్లినప్పుడు మిగిలింది వేగంగా వెళ్లినప్పుడు పోయినదానికి చాలదు. సగటు వేగం చూపించే మీటరు ఈ తేడాను పట్టుకోలేదు. పట్టుకునేది కాళ్లే.

శరీరం వైపు నుంచి చూస్తే తేడా ఇంకా పెద్దది. ప్రతి మనిషికీ గంటల తరబడి నిలుపుకోగలిగే సామర్థ్యానికి ఒక హద్దు ఉంటుంది. 1965లో మోనో, షెరేర్ అనే ఫ్రెంచి పరిశోధకులు కండరాల పని మీద ప్రకటించిన వ్యాసంతో ఈ భావన స్థిరపడింది. దీన్ని కీలక సామర్థ్యం అంటారు. ఆ హద్దు దాటి చేసే పనంతా ఒక చిన్న నిల్వ నుంచి ఖర్చవుతుంది. మామూలు మనిషిలో ఆ నిల్వ పదిహేను, ఇరవై వేల జూళ్లు. హద్దు కిందికి దిగితేనే అది మళ్లీ నిండుతుంది, అదీ నెమ్మదిగా. బృందంలో బలహీనుడి హద్దు 130 వాట్లు, నిల్వ 15 వేల జూళ్లు అనుకుందాం. పైన చెప్పిన ఎదురుగాలిలో బృందం బుద్ధిగా 15 కిలోమీటర్ల వేగానికి దిగితే అతనికి 100 వాట్లు చాలు, సాయంత్రం దాకా తొక్కుతాడు. కానీ ఏ గతుకు దగ్గరో అతను 50 మీటర్లు వెనకబడ్డాడు. అందుకోవాలంటే 36 సెకన్లపాటు 20తో తొక్కాలి, అంటే 175 వాట్లు. ఒక్కో పరుగుకు నిల్వలోంచి దాదాపు 1,600 జూళ్లు పోతాయి. మధ్యలో తేరుకునే వ్యవధి లేకపోతే తొమ్మిది, పది పరుగులకు నిల్వ అడుగంటుతుంది. అదే రోడ్డు మీద 220 వాట్ల హద్దున్న బలవంతుడు అవే పరుగులు తీసినా హద్దును దాటనే దాటడు, అతని నిల్వలో ఒక్క జూల్ కూడా తగ్గదు. ఒకే హెచ్చుతగ్గు ఒకరిని తాకకుండా పోతుంది, ఇంకొకరిని కూలదోస్తుంది.

ఆ హెచ్చుతగ్గులు వెనకే ఎందుకు ఎక్కువగా పుడతాయి? జపాన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. అడ్డంకి ఏదీ లేదు. అయినా కాసేపటికే కార్లు ఒకచోట ఆగిపోయి, ఆ ఆగుడు అలలాగా వెనక్కి పాకింది. ముందువాడి చిన్న మార్పుకు వెనకవాడు కొంచెం ఆలస్యంగా, కొంచెం ఎక్కువగా స్పందిస్తాడు, అతని వెనకవాడు ఇంకా ఎక్కువగా. సైకిళ్ల వరసలోనూ ఇదే జరుగుతుంది. నాయకుడు స్పీడ్‌బ్రేకర్ దగ్గర కాస్త తగ్గి, దాటగానే మళ్లీ వేగం అందుకుంటాడు. వరస హార్మోనియం తిత్తిలా ముడుచుకుని సాగుతుంది. పదిహేనోవాడు ఇంకా స్పీడ్‌బ్రేకర్ దాటకముందే ముందువాళ్లు పాత వేగంలో ఉంటారు, అతను పరిగెత్తాలి. ఇక ఆగినచోట జరిగే అన్యాయం వేరే. ముందు చేరినవాళ్లు పది నిమిషాలు కూర్చుంటారు, ఆఖరివాడు రాగానే 'పదండి' అని లేస్తారు. విశ్రాంతి అక్కర్లేనివాడికి పది నిమిషాలు, కావలసినవాడికి సున్నా. దీనికి మందు ఖరీదైనది కాదు. స్పీడ్‌బ్రేకర్ దాటాక ఆఖరివాడు కూడా దాటేదాకా నాయకుడు వేగం పెంచకూడదు. విరామపు గడియారం ఆఖరివాడు సైకిల్ దిగాకే మొదలు కావాలి.

చాటున తొక్కవచ్చు కదా

ఇక్కడ పందేల సంగతి తెలిసినవారు ఒక అభ్యంతరం చెబుతారు. బలవంతులను ముందు పెట్టి బలహీనులను వాళ్ల వెనక గాలిచాటున నడిపిస్తే తేడా సర్దుకుపోతుంది కదా, నెమ్మదించడం ఎందుకు? చాటు వల్ల లాభం ఉందన్నదానికి తిరుగులేని సాక్ష్యం ఉంది. 1990లో మెకోల్ బృందం పోటీ సైక్లిస్టుల మీద చేసిన కొలతల్లో, గంటకు 32 కిలోమీటర్ల వేగంలో ఒకరి వెనక తొక్కేవారి ఆక్సిజన్ వాడకం 18 శాతం, 40 కిలోమీటర్ల దగ్గర 27 శాతం తగ్గింది. ఎనిమిది మంది గుంపు వెనకైతే 39 శాతం. 2018లో బ్లాకెన్ బృందం 121 మంది గుంపును లెక్కగట్టి, లోపలున్నవారి మీద గాలి నిరోధం ఒంటరిగా తొక్కేవారి మీద ఉండేదానిలో పదో వంతు కూడా ఉండదని చూపించింది. కానీ ఇవన్నీ పందెపు వేగాలు, గుంపులో అంగుళాల లెక్కన తొక్కే అలవాటున్న మనుషులు, వాహనాలు ఆపేసిన రోడ్లు. గంటకు 20 కిలోమీటర్ల యాత్రలో గాలి లేనప్పుడు మూడోవంతు నిరోధం తగ్గినా మిగిలేది 15 వాట్లు. ఆ 15 వాట్ల కోసం ముందువాడి వెనక చక్రానికి మీటరు దూరంలో తొక్కాలి. మనిషి చూసి బ్రేకు పట్టడానికి ముప్పావు సెకను నుంచి సెకను పడుతుంది, ఆ లోపు సైకిల్ అయిదు మీటర్లు పోతుంది. కొత్తవాళ్లున్న బృందంలో ఇది లాభసాటి బేరం కాదు.

గట్టి ఎదురుగాలి ఉన్నప్పుడు మాటే వేరు. 175 వాట్లలో 45, 50 వాట్లు మిగిలితే అది బలహీనుడిని హద్దు కిందికి తెస్తుంది. అప్పుడు చాటు వాడుకోవలసిందే, ముందువాడి చెయ్యి సంజ్ఞ, 'గుంత' అన్న కేక వరస చివరిదాకా అందేలా చూసుకుంటూ. పక్కగాలిలో మాత్రం చాటే ప్రమాదం తెస్తుంది. గాలి పక్కనుంచి వస్తే చాటు సరిగ్గా వెనక ఉండదు, ఐమూలగా పక్కకు జరుగుతుంది. ధర్మవరం వైపు వెళ్లేటప్పుడు మనం రోడ్డుకు ఎడమన, అంటే పడమర అంచున ఉంటాం. గాలీ ఎడమ నుంచే. చాటు వెతుక్కునే ప్రతివాడూ ముందువాడికి కుడిగా జరుగుతాడు, అంటే లారీల వరసలోకి. తిరిగి వచ్చేటప్పుడు గాలి కుడి నుంచి వస్తుంది, చాటు వెతికేవాడు ఎడమకు, తారు అంచు దాటి మట్టిలోకి జరుగుతాడు. అక్కడ పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు టైర్ల కోసం కాచుకుని ఉంటాయి. అంతకన్నా పెద్ద ముప్పు ఇంకొకటుంది. కుడి గాలికి ఆనుకుని కుడికి ఒరిగి తొక్కుతున్నవాడి పక్కనుంచి లారీ దాటినప్పుడు, అది గాలిని ఒక్కసారిగా అడ్డుకుంటుంది. ఆనిక పోయి సైకిల్ లారీ వైపే తూలుతుంది. కార్లు మోసే పొడవాటి ట్రెయిలర్లు తిరిగే ఎర్రమంచి ప్రాంతంలో ఈ సంగతి బయలుదేరకముందే ప్రతివాడికీ తెలిసి ఉండాలి. పక్కగాలి రోజున చేయవలసింది చాటు మరిచి, ఎడం పెంచి, వేగం తగ్గించడం.

వరస పొడవుకూ లెక్క ఉంది. ఒక్కో సైకిల్‌కు అయిదు మీటర్ల ఎడం ఇస్తే ఇరవై మంది వరస దాదాపు 135 మీటర్లు. 60 వేగంతో వచ్చే లారీకి దీన్ని దాటడానికి 12 సెకన్లు పడుతుంది. రెండు వైపులా వాహనాలు నడిచే ధర్మవరం రోడ్డు మీద ఎదురుగా అదే వేగంతో ఇంకో బండి వస్తుంటే, లారీకి కనీసం 400 మీటర్లు ఖాళీ కనిపించాలి. కనిపించకపోతే అది మధ్యలో మన మీదికే జరుగుతుంది. అయిదుగురి జట్టునైతే మూడు సెకన్లలో, వంద మీటర్ల ఖాళీలో దాటేస్తుంది. చిన్న జట్లలో ఆగుడు అల కూడా దూరం పాకదు, అయిదోవాడి దగ్గరే చచ్చిపోతుంది. ఇరవై మందిని నడిపించడమంటే అయిదేసి మంది జట్లు నాలుగింటిని, మధ్యలో లారీ ఇమిడేంత ఖాళీతో నడిపించడమే.

ఎవరి వేగం వారిదే అంటే

ఇంకా మౌలికమైన అభ్యంతరం ఒకటుంది. అసలు కలిసి ఎందుకు తొక్కాలి? ఎవరి వేగంతో వాళ్లు వెళ్లి సాయంత్రం కలుసుకుంటే సరిపోదా? ఈ తగవు వందేళ్లకు పైబడినది. 1904లో ఫ్రాన్సులో ఆన్రీ దెగ్రాంజ్ ప్రోత్సాహంతో మొదలైన ఆడాక్స్ పద్ధతిలో బృందమంతా రోడ్ కెప్టెన్ల వెనక నిర్ణీత వేగంతో సాగుతుంది, కెప్టెన్‌ను ఎవరూ దాటకూడదు. ఆ వేగం తర్వాతి కాలంలో గంటకు 22.5 కిలోమీటర్ల దగ్గర స్థిరపడింది. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ దీనికి భిన్నంగా ఎవరి వేగం వారిదేనన్న బ్రెవేలనే గడువు యాత్రలను మొదలుపెట్టింది. ఇవాళ హైదరాబాదులోనూ బెంగళూరులోనూ జరిగే బ్రెవేలు ఈ రెండో రకమే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు, అది దాటనంతవరకు ఎవరి దారి వారిది. స్వేచ్ఛాపద్ధతిలో హెచ్చుతగ్గుల సమస్యే పుట్టదు, నిజమే. కానీ అది తన మరమ్మతు, తన ఆకలి, తన దారి తానే చూసుకోగలిగినవారి కోసం ఏర్పడిన పద్ధతి. మొదటిసారి వంద కిలోమీటర్లు తొక్కేవారికి దాన్ని అప్పగిస్తే, ఎండదెబ్బ తగిలినవాడి పక్కన ఎవరూ ఉండరు. చేతిలో ఫోన్ ఉంది కదా అంటారు. ఫోన్ మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. అతని మాట తడబడుతోందని, దాహం వేయడం లేదంటున్నాడని చెప్పదు.

అయితే స్వేచ్ఛావాదుల మాట చెల్లే చోటు ఒకటుంది, అది ఎక్కుడు. ఏటవాలు మీద వేగం గంటకు పదికి పడిపోతే గాలి నిరోధం నామమాత్రం. ఖర్చంతా బరువుది, చాటు వల్ల ఒరిగేది లేదు. అక్కడ అందరినీ ఒకే వేగానికి కట్టేస్తే బరువైనవాడు హద్దు దాటుతాడు, తేలికైనవాడు గేరు కుదరక తూలుతాడు. నిలకడగా ఉండవలసింది వేగం కాదు, శ్రమ. సమతలం మీద, గాలిలో ఈ రెండూ కలిసి నడుస్తాయి కనుక కలిసి తొక్కాలి. ఎక్కుడు మీద విడిపోతాయి కనుక ఎవరి పాటికి వాళ్లు ఎక్కి పైన కలుసుకోవాలి. ఈ మినహాయింపు మన సూత్రం నుంచే వస్తుంది.

లెక్కలేవీ లేకుండానే పల్లెల్లో జనం గుంపులుగా తొక్కడం లేదా అని అడగవచ్చు. తొక్కుతున్నారు, బాగానే తొక్కుతున్నారు. సైకిళ్ల మీద హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లలను చూస్తే, మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ ఒకే వేగంతో పోతుంటారు. వాళ్ల సైకిళ్లకు ఒకటే గేరు, వేగం ఎక్కువ తక్కువలకు అవకాశం తక్కువ. మాట్లాడుతూ తొక్కడం అంటే శ్రమ హద్దు కింద ఉన్నట్టే. వ్యాయామ శాస్త్రవేత్తలు వాడే పరీక్ష కూడా ఇదే. పూర్తి వాక్యాలు పలకగలిగితే శ్రమ నిలుస్తుంది, రెండు మాటలకోసారి ఊపిరి పీలిస్తే నిలవదు. గేర్ల సైకిళ్లు వచ్చాక పోయిన ఆ నిలకడను నాయకుడు తన జాగ్రత్తతో తిరిగి తేవాలి. ఇందుకు అతనికి మీటర్లు అక్కర్లేదు. ఆఖరివాడి పక్కకు వెళ్లి, అవునూ కాదులతో తేలని ప్రశ్న ఒకటి అడిగితే చాలు.

ఎండ, నీళ్లు

శ్రమలో హెచ్చుతగ్గులు వేడిలోనూ బయటపడతాయి. కండరం తిన్నదానిలో నాలుగోవంతుకు మించి పనిగా మార్చలేదు. 100 వాట్లతో తొక్కేవాడి ఒంట్లో 300 నుంచి 400 వాట్ల వేడి పుడుతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 24 లక్షల జూళ్ల వేడిని మోసుకుపోతుంది. ఆ లెక్కన గంటకు అర లీటరు పైన చెమట ఆవిరి కావాలి, ఎండ అదనం. గాలి తగిలితేనే ఆవిరవుతుంది. ధర్మవరం వైపు వెనకగాలితో హాయిగా తొక్కుతున్నప్పుడు, 20 వేగంలో 15 గాలి వెనకనుంచి వస్తే ఒంటికి తగిలేది 5 కిలోమీటర్ల గాలి మాత్రమే. కాళ్లకు తేలికైన దిశే ఒంటికి ఉక్క. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో ఎండదెబ్బ తగలడానికి ఎక్కువ అవకాశం ఈ 'సులువైన' సగంలోనే. అలాగని అందరూ గంటకు లీటరు తాగాలని హుకుం జారీ చేయడం కూడా తప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తగ్గింది. ఎక్కువ నీళ్లు తాగి బరువు పెరిగినవారిలో, నెమ్మదిగా పరుగు పూర్తిచేసినవారిలో అది ఎక్కువగా కనిపించింది. ఉప్పు వేసిన మజ్జిగ, దాహాన్ని బట్టి నీళ్లు, ఉదయం ఉగ్గాని, దారిలో వేరుశనగ చిక్కీ, ఇవన్నీ ఆకలి కాకముందే కొంచెం కొంచెంగా తీసుకుంటే సరి. తిండిలోనూ నిలకడే.

నాయకుడు బాగా నడిపించాడా లేదా అన్నది పొగడ్తలతోనో సణుగుళ్లతోనో తేల్చుకోనక్కర్లేదు, కొలవవచ్చు. హిందూపురంలో బయలుదేరాక సోమందేపల్లిలో, పెనుకొండలో, చెన్నేకొత్తపల్లిలో, ధర్మవరంలో మొదటివాడు చేరిన సమయాన్నీ ఆఖరివాడు చేరిన సమయాన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎక్కుళ్లు తక్కువగా ఉన్న ఈ దారిలో ఆ తేడా ప్రతి మజిలీకీ దాదాపు ఒకేలా ఉంటే వేగం సరైనది. మజిలీ మజిలీకీ పెరుగుతుంటే, ఎవరి మొహంలోనూ అలసట కనిపించకపోయినా, వెనకవాళ్ల నిల్వ కరుగుతోందని అర్థం. అప్పుడు ఆఖరివాణ్ణి తొందరపెట్టడం వల్ల ఫలితం ఉండదు. మొదటివాడు వేగాన్ని గంటకు రెండు కిలోమీటర్లు తగ్గిస్తే ఉంటుంది.